మొగమాటం అప్పన్న కూతురు

జూన్ 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చి చెప్పులు కూడా విప్పలేదు, సత్తిరాజు గారు వచ్చి కూర్చున్నారు. కళాసమితి తరఫున వచ్చారు. నాన్న పేరు మీద ఏటా ఒక హాస్యనటుడికి పురస్కారం ఇస్తారట. మొదటిది వచ్చే నెలలో, మన నర్సీపట్నంలోనే. ఒక్క క్షణం సంతోషం వేసింది. ఆ సంతోషపడినందుకే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

"ఎవరికండీ?" అన్నాను.

"ఇంకెవరమ్మా, మన మత్స్యరాజుకే. మీ నాన్నగారి శిష్యుడు. ఇవాళ టీవీలో వాడు లేని కామెడీ లేదు. శాలువా నువ్వే కప్పాలి సోఫియా."

వంటింట్లో అమ్మ గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. 

"తప్పకుండా అండీ," అన్నాను. టీ ఇచ్చాను. బిస్కెట్లు పెట్టాను. గేటు దాకా వెళ్లి సాగనంపాను.

కప్పుతాను. ఊపిరాడకుండా కప్పుతాను.

జూన్ 10

కళ్లు మూసుకుంటే ఆ వీడియోనే. రాస్తే అన్నా తగ్గుతుందేమో.

కిందటేడు నాన్నకి పక్షవాతం వచ్చి మూతి ఒక పక్కకి జారిపోయింది. మాట ముద్దగా వచ్చేది. సరిగ్గా ఆ రోజుల్లోనే మత్స్యరాజు తన షోలో 'వంకర తాత' అని స్కిట్ చేశాడు. నాన్న టీవీలో వేసుకున్న గళ్ల చొక్కానే వేసుకున్నాడు. నాన్న గొడుగే పట్టుకున్నాడు. నాన్న మాటే, "ఒక్క మాట సెప్పి ఎల్లిపోతానండి." కానీ మూతి వంకర. గడ్డం మీదకి చొంగ. అది తుడవడానికి ఒకమ్మాయి బకెట్ పట్టుకుని వెనకాల. జడ్జీలు బల్లలు బాదుతూ నవ్వారు.

చుట్టాల్లో ఎవరో ఆ వీడియో ఇంటికి పంపారు. నాన్న మంచం మీద దిండుకి ఆనుకుని మొత్తం చూశాడు. నేను పక్కనే ఉన్నాను. నాన్న నవ్వలేదు. కళ్ల వెంట నీళ్లు కారాయి.

ఫిబ్రవరిలో పోయాడు. వాడు సమాధుల దగ్గరికి పెద్ద దండ పట్టుకొచ్చాడు. వెనకాల కెమెరా.

జూన్ 11

నాన్న నవ్వలేదు.

జూన్ 15, ఆదివారం

నేను పనిచేసే పళ్ల క్లినిక్‌లో నిన్న ఒక పెద్దాయన పన్ను పీకించుకుని, నోట్లో దూదితోనే రిసెప్షన్ దగ్గరికొచ్చి, "నువ్వు మా మొగమాటం అప్పన్న గారి అమ్మాయివి కదూ?" అన్నాడు. నెప్పితో కూడా మొహం వెలిగిపోయింది. ఆ వయసువాళ్లందరికీ అంతే. నాన్న పేరెత్తితే ముందు కళ్లు నవ్వుతాయి, తర్వాత నోరు.

నాన్న మిషన్ స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు. నెలకోసారి తుని వెళ్లి రైలెక్కి హైదరాబాద్ పోయి, దూరదర్శన్‌కి రెండు మూడు నాటికలు చేసేసి వచ్చేవాడు. మన యాస మానమన్నారట మొదట్లో. "మానేద్దునండీ, గానీ మానడం ఏ యాసలో సెప్పాలో తెల్దండి," అన్నాడట. వాళ్లే నవ్వేసి వదిలేశారు.

ఆ నాటికల్లో నాన్న వేషం పేరు అప్పన్న. అప్పన్నకి మొహమాటం జబ్బు. ఏదీ అడగలేడు, దేనికీ కాదనలేడు. పక్కింటివాళ్లు పట్టుకెళ్లిన తన నిచ్చెన తనే అడిగి తెచ్చుకోవాలి. వెళ్తాడు. "ఒక్క మాట సెప్పి ఎల్లిపోతానండి," అంటాడు. వాళ్లు కాఫీ ఇస్తారు, కష్టాలు చెప్తారు. ఆఖరికి అప్పన్న ఇంటికి తిరిగొస్తాడు. నిచ్చెన రాలేదు సరికదా, చంకలో వాళ్ల పిల్లాడు. సినిమాకెళ్లి వస్తామన్నారట! భార్య అడుగుతుంది, "నిచ్చెనేదీ?" నాన్న పిల్లాడి వంక చూసి, "ఈడు ఎదిగితే నిచ్చెనెందుకే, ఈడే అందుకుంటాడు," అంటాడు.

ఆ నాటిక వచ్చిన సాయంత్రం మా ఇంటి ముందు జనం. మా టీవీని కిటికీలో వీధి వైపు తిప్పి పెట్టాడు నాన్న. తను మాత్రం పెరట్లోకి వెళ్లి కూర్చున్నాడు, సిగ్గుతో.

పాస్టరు గారు ఒకసారి పట్టుకున్నారు. "దావీదూ, సంఘంలో పెద్దవి, అప్పన్న అని ఆ పేరేంటయ్యా?" నాన్న చేతులు కట్టుకుని, "అయ్యగారూ, మార్చమని ఆల్లని అడగడానికి మొగమాటంగా ఉందండి," అన్నాడు. పాస్టరు గారు ప్రసంగంలో కూడా ఆ మాట చెప్పుకుని నవ్వేవారు.

రిహార్సల్స్‌లో ఒకే మాట అనేవాడు: పడాల్సొస్తే మనమే పడాలి, పక్కవాణ్ణి తొయ్యకూడదు.

ఆ రిహార్సల్స్‌లోనే కదా మత్స్యరాజు పెరిగాడు. నాతవరం నుంచి వచ్చేవాడు. నాన్న పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడు. నేర్చుకున్నది అంతా పెట్టి నాన్ననే తోశాడు.

జూన్ 17

స్టేజీ మీద మైకు నాకిస్తారు. శాలువా కప్పేముందు రెండు మాటలు మాట్లాడమంటారు. తిడితే జనం వాడి వైపు అయిపోతారు. ఏడిస్తే జాలిపడి ఇంటికెళ్లిపోతారు. రెండూ పనికిరావు.

వాడు ఏం చేశాడో అదే చెయ్యాలి. నవ్వించాలి. వాడి మీద.

దేనికి నవ్వాలి? వాడి గురించి నాకేం తెలుసని?

జూన్ 22, ఆదివారం

చర్చి మానేసి షేర్ ఆటో ఎక్కి నాతవరం వెళ్లాను. ఫంక్షన్‌కి పిలవడానికి అని వంక. మత్స్యరాజు వాళ్ల అమ్మ గున్నమ్మ, కాలవ పక్కన పాత పెంకుటింట్లోనే ఉంటోంది. కొడుకు వైజాగ్ రమ్మన్నా పోదట.

నన్ను చూడగానే పోల్చేసింది. "దావీదు బాబు కూతురివి కావూ? రా తల్లీ, రా. ఆ ముక్కు సూస్తే తెల్దేటి!"

మంచం వాల్చింది. పనసకాయ కోసింది. చేతికి నూనె రాసుకుని తొనలు ఒక్కొక్కటీ తీసి నా చేతిలో పెడుతూ నాన్న కబుర్లు చెప్పింది. బస్సు నాటిక మొత్తం అప్పజెప్పింది. అందరినీ 'మీరెక్కండి, మీరెక్కండి' అని ఎక్కించేసి, ఆఖరికి బస్సు వెళ్లిపోతే అప్పన్న కండక్టరుకి చెయ్యూపి, "పర్లేదండి, నానెల్లే ఊరు ఎక్కడికీ పోదు," అంటాడే, అది. చెప్పి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేను కూడా నవ్వేశాను. చాలా రోజులకి నవ్వాను. వచ్చిన పని గుర్తొచ్చి ఆపేశాను.

"చిన్నప్పుడు మత్స్యరాజు ఎలా ఉండేవాడు పిన్నీ?" అన్నాను.

"ఆడికి మాటేది తల్లీ? నత్తి. ఒట్టి నత్తి గాదు, గొంతుకి తాడేసి లాగినట్టు. ఓపాలి తుని సంతకెల్లి, ఒక్కడే బస్సెక్కినాడు. కండక్టరు 'ఎక్కడికిరా' అంటే 'న... న...' అంటన్నాడు. 'నక్కపల్లా? నర్సీపట్నవా?' అంటాడాయన. ఈడికి 'నా' దాటదు. బస్సులో అందరూ నవ్వీనారు. ఇసిగిపోయి దార్లో దింపీసినాడు. వానలో నడిసొచ్చినాడు నా బిడ్డ. ఆరోజు నుంచి బడికెల్లనన్నాడు. అప్పుడు మీ నాన్నే తీసుకెల్లి నేర్పినాడు. ఎలా నేర్పినాడో దేవుడికే తెలాల. ఇదెవులికీ సెప్పకమ్మా, ఆడికి ఇష్టముండదు."

"చెప్పను పిన్నీ," అన్నాను.

వచ్చేటప్పుడు సంచి నిండా తొనలు కట్టి ఇచ్చింది. ఆటోలో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా 'న... న...' అని పెదాలు కదుపుతూ ఉన్నాను.

దొరికాడు.

జూన్ 26

అద్దం ముందు చేస్తున్నాను. మొదట బాగా రాలేదు. నత్తి అంటే మాట తిరగెయ్యడం అనుకున్నాను. కాదు. మాట ఆగిపోయే ముందు కళ్లు భయపడతాయి. ఆ భయం పట్టుకుంటే చాలు, మిగతాది అదే వస్తుంది. నాన్న దగ్గర ఇన్నేళ్లు కూర్చున్నందుకు ఇది నాకు వచ్చింది.

అమ్మ గుమ్మంలో నిలబడి చూసిందని తర్వాత తెలిసింది.

"ఎవరిదే ఆ నత్తి?"

చెప్పాను. ఎందుకు దాచాలి?

అమ్మ లోపలికొచ్చి కూర్చుంది. తర్వాత అంది, "ఆ వీడియో చూసి మీ నాన్న నవ్వాడే సోఫియా."

"నవ్వలేదు."

"నవ్వాడు. వాడికి ఫోన్ చేయమన్నాడు. నేనే చేసిచ్చాను. 'ఒరే, నా మూతి ఎడం పక్కకి జారింది, నువ్వు కుడి పక్కకి తిప్పేవు, సూసి సెయ్యాల గదరా,' అన్నాడు. వాడు అటుపక్క ఏడ్చాడు."

"కళ్ల వెంట నీళ్లు కారాయి నాన్నకి. నేను చూశాను."

"జబ్బు చేసినకాడి నుంచి నవ్వితే నీళ్లొచ్చేవి."

"ఆ మూతితో నవ్వేదో ఏడుపేదో నీకెలా తెలుసు?" అని అరిచాను.

అమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "నలభై ఏళ్లు కాపురం చేశానే," అని వెళ్లిపోయింది.

నవ్వాడే అనుకుందాం. కాదనలేక నవ్వి ఉంటాడు. మొహమాటం.

జూలై 2

క్లినిక్‌లో అందరూ వస్తున్నారట ఆదివారం. డాక్టరు గారు కూడా. మంచిది. ఎంతమంది వస్తే అంత మంచిది.

జూలై 6, ఆదివారం

అయిపోయింది. నిద్ర రావడం లేదు. సంతోషంతోనే.

కళ్యాణ మండపం నిండిపోయి బయట కూడా నిలబడ్డారు. ముందు వరసలో అమ్మ. పక్కనే గున్నమ్మ, కొత్త చీర కట్టుకుని. నన్ను చూసి చెయ్యూపింది. నేను కాగితాలేవో చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను.

మత్స్యరాజు మాట్లాడాడు. గురువు గారు, గురువు గారు అని చాలా సార్లు అన్నాడు. జనంలోంచి ఎవరో "వంకర తాత! వంకర తాత!" అని కేకేశారు. వాడు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. మళ్లీ కేకేశారు. చేశాడు. నాన్న ఫొటో ముందు, దాని దండ కింద, మూతి తిప్పాడు. ఈసారి ఎడమ పక్కకి.

అమ్మ చెప్పింది నిజమేనన్నమాట. అయినా ఆగలేదు నేను. అది తెలిసి ఇంకా మండింది.

మైకు తీసుకున్నాను. "ఒక్క మాట సెప్పి ఎల్లిపోతానండి," అన్నాను, నాన్న గొంతుతో. హాలు లేచి నిలబడింది. చప్పట్లు ఆగేదాకా ఆగాను. ఎంతసేపు ఆగాలో నాకు తెలుసు.

"మా మత్స్యరాజు ఇవాళ ఇంత బాగా మాట్లాడుతున్నాడు గానీ, చిన్నప్పుడు బస్సెక్కితే ఎలా ఉండేదో చూపిస్తాను," అన్నాను.

చేశాను. కండక్టరూ నేనే, పిల్లాడూ నేనే. "ఎక్కడికిరా?" "న... న... న..." "నక్కపల్లా?" తల అడ్డంగా. "నర్సీపట్నవా?" తల అడ్డంగా. "నాయుడు గారింటికా?" అది నేను కల్పించాను. హాలు విరగబడింది. "నీకే తెలియని ఊరికి నేనెలా టికెట్ కొట్టాలిరా, దిగు!" పిల్లాడు దిగి, వానలో బస్సు వెనకాల నడుస్తూ, అప్పుడు అంటాడు: "నా... నాతవరం!" డాక్టరు గారు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. అంత నవ్వు నాన్నకి కూడా వచ్చి ఉండదు ఈ ఊళ్లో.

శాలువా కప్పి మైకు వాడికిచ్చాను. మొహం మీద నవ్వు అలాగే ఉంది వాడికి, కళ్లలో లేదు.

"న..." అన్నాడు. ఆగింది.

"న... న..."

జనం అనుకున్నారు వాడు కూడా ఆటలో కలిశాడని. ఇంకా గట్టిగా నవ్వారు. ఈలలు వేశారు. వాడి మెడ నరాలు లేచాయి. దవడ పక్కకి లాగింది. అంతమందిలో అది నటన కాదని తెలిసింది ముగ్గురికే, నాకూ అమ్మకీ గున్నమ్మకీ.

గున్నమ్మ మెట్లెక్కి వచ్చింది. కొడుకు చేతిలోంచి మైకు తీసి బల్ల మీద పెట్టింది. వాడి చెయ్యి పట్టుకుని నా ముందు నుంచే తీసుకెళ్లింది. నా దగ్గర ఒక్కసారి ఆగి, "నా ఇంట్లో కూకుని తిన్నావు గదమ్మా," అంది. అంతే.

జనం చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

అమ్మ ఇంటికి నాతో రాలేదు. వేరే ఆటోలో వచ్చింది.

జూలై 7

వీడియో ఊరంతా తిరుగుతోంది. 'అప్పన్న కూతురు అదరగొట్టింది.' క్లినిక్‌లో ఇవాళ పళ్ల నెప్పి లేనివాళ్లు కూడా వచ్చారు.

జూలై 10

వాళ్ల ఛానెల్ నుంచే నాకు ఫోన్. "మేడమ్, మీ టైమింగ్ సూపర్. మీరూ మత్స్యరాజు గారూ కలిసి నత్తి కాన్సెప్ట్ ఒకటి..." ఆలోచించి చెప్తానన్నాను. ఎందుకు కాదనలేదో తెలీదు.

అమ్మ అన్నం వడ్డించేటప్పుడు తప్ప నాతో మాట్లాడడం లేదు.

జూలై 14

సత్తిరాజు గారు చెప్పారు. మత్స్యరాజు షూటింగ్‌కి వెళ్లాడట, ఒక్క డైలాగ్ కూడా రాలేదట. ముందు జోక్ అనుకున్నారు. మూడోసారికి పంపించేశారు. నాతవరం వచ్చేశాడట. గడప దాటడం లేదట.

బాగా అయింది.

జూలై 15

బాగా అయింది.

జూలై 16

నాన్న కూడా ఆఖరి రోజుల్లో గడప దాటలేదు. ఇప్పుడు సరిపోయింది. ఇద్దరికీ సరిపోయింది.

జూలై 20, ఆదివారం

అమ్మ స్త్రీల సమాజం మీటింగ్‌కి యలమంచిలి వెళ్లింది. గేటు చప్పుడైతే తలుపు తీశాను. మత్స్యరాజు. గడ్డం పెరిగి ఉంది. లోపలికి రమ్మనలేదు. మెట్టు మీదే నిలబడ్డాడు.

తిట్టడానికి వచ్చాడనుకున్నాను. ఎదురుచూశాను, తిట్టనీ, నా దగ్గర కూడా ఉన్నాయి చాలా మాటలు.

"అ... అ... అక్కా," అన్నాడు. ఆ ఒక్క మాటకే చెమట పట్టింది. "గు... గురువు గారు... మాట ఆ... ఆగితే... గ్లాసు ప... పట్టుకోమనేవారు. త... తర్వాతేటి సె... సెయ్యమనేవారో... గు... గుర్తు రావట్లేదు. నువ్వు... ఉండేదానివి క... కదా. నీకు గుర్తుందా?"

గుర్తుంది. ఎందుకుండదు? స్కూలు వెనక రేకుల షెడ్డులో వీణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతిలో వేడి టీ గ్లాసు పెట్టి నాన్న అనేవాడు: "ముందు టీ ఊదరా. ఊదుతానే ఉండు. ఆ గాలి మీద మాట ఎక్కించు. తొయ్యకు. అదే ఎల్తాది." ఎన్ని సాయంత్రాలో. అదీ ఏదో నాటిక రిహార్సలే అనుకునేదాన్ని, బోర్ కొట్టి బెంచీ మీదే పడి నిద్రపోయేదాన్ని.

"గుర్తు లేదు," అన్నాను.

"స... సరే అక్కా," అన్నాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. గేటు మెల్లగా వేశాడు, చప్పుడు కాకుండా.

జూలై 21

గుర్తు లేదనే చెప్పాను. తప్పేముంది.

జూలై 25

ఇవాళ క్లినిక్‌కి ఒకావిడ కూతుర్ని తీసుకొచ్చింది. తొమ్మిదో పదో ఏళ్లుంటాయి. పేరు రాయడానికి, "నీ పేరేంటమ్మా?" అన్నాను.

పిల్ల నా మొహం చూసింది. నోరు గట్టిగా మూసేసుకుంది. వాళ్లమ్మ వెనక్కి వెళ్లిపోయింది.

"చెప్పవే," అంది ఆవిడ. తర్వాత నావైపు వంగి, మెల్లగా, "దీనికి కొంచెం నత్తండి. మీ వీడియో వాళ్ల క్లాసులో అందరూ చూశారు. ఆ రోజు నుంచి దీన్ని 'నక్కపల్లి' అని పిలుస్తున్నారు. నా పేరు మణి, మీరే ఏదో ఒకటి రాసుకోండి," అంది.

తల్లి పేరే రాసుకున్నాను. పిల్ల పన్ను పీకించుకుంది, ఏడవలేదు, ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వెళ్లేటప్పుడు నా బల్ల వైపు రాకుండా గోడ పక్క నుంచి వెళ్లింది.

ఛానెల్ వాళ్లకి ఫోన్ చేసి రానని చెప్పేశాను. కారణం అడిగారు. చెప్పలేదు.

జూలై 27, ఆదివారం

నాతవరం వెళ్లాను.

గున్నమ్మ గుమ్మంలో బియ్యం ఏరుతోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టింది గానీ రమ్మనలేదు. మంచం వాల్చలేదు.

"ఏటి, ఇంకేటి మిగిలింది తీసుకెల్లడానికి?" అంది.

"కొంచెం టీ పెట్టు పిన్నీ. వేడిగా."

చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది. పెట్టదేమో అనుకున్నాను. తర్వాత లేచి వెళ్లి పొయ్యి వెలిగించింది.

మత్స్యరాజు పెరటి అరుగు మీద ఉన్నాడు. ఎదురుగా కూర్చున్నాను. "మొన్న నాకు గుర్తుంది. నీకు చెప్పబుద్ధి కాలేదు," అన్నాను. వాడు తలూపాడు. వాడికి అప్పుడే తెలుసనుకుంటా.

"నువ్వు మా నాన్నకి చేసింది నేను మర్చిపోలేదు. ఇప్పటికీ కోపమే. ఇది వేరు, అది వేరు."

మళ్లీ తలూపాడు.

గ్లాసు వాడి చేతిలో పెట్టాను. "ఊదు," అన్నాను. ఊదాడు. "ఆపకు. ఆ గాలి మీద మాట ఎక్కించు. తొయ్యకు." ఊదాడు, ఊదాడు. మొదటిసారి గొంతు పట్టేసింది, టీ ఒలికింది. రెండోసారి కూడా. నాన్న అయితే విసుక్కోడు. నేను విసుక్కున్నాను. మళ్లీ గ్లాసు నింపించాను.

"ఏ మాట అనాలి?" అన్నట్టు చూశాడు.

"నీ ఇష్టం."

ఊదుతూ ఊదుతూ "క్ష..." అన్నాడు. ఆగింది. నాకు తెలిసిపోయింది ఏం మాటో. గుమ్మంలోంచి గున్నమ్మకి కూడా తెలిసిపోయింది. "ఆడేటి అంటన్నాడో నీకు తెల్దా? సాల్లే అనీరాదా తల్లీ," అంది, మొదటిసారి మెత్తగా.

"వాణ్ణే చెప్పనీ పిన్నీ."

బయట షేర్ ఆటోవాడు హారన్ కొట్టాడు, వచ్చేటప్పుడు ఆగమన్నాను వాణ్ణి. వెళ్లిపొమ్మని చెయ్యూపాను.

చాలాసేపటికి, టీ చల్లారిపోయాక, ఊపిరితో పాటు వచ్చింది. మెల్లగా, ఎక్కడా తెగకుండా. "క్షమించక్కా."

గున్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడి కళ్లు ఎర్రబడ్డాయి. నేను గ్లాసు తీసుకుని, వేడి టీ పోయించి, మళ్లీ వాడి చేతిలోనే పెట్టాను.

"ఇంకోసారి చెప్పు," అన్నాను.

చెప్పాడు.

"ఇంకోసారి."

"అ... అక్కా, ఎన్నిసార్లు?" అన్నాడు.

"ప్రాక్టీసు," అన్నాను.

రేపు క్లినిక్ అయ్యాక మళ్లీ వెళ్లాలి. ఇంకా చాలాసార్లు చెప్పించాలి.